తుపాకిగుండును పరీక్షించు జెలాటిను దిమ్మ

జ్వరమును కొలుచుటకు థర్మామీటరు కలదు. పాలలో కలిపిన నీటిని కనిపెట్టుటకు లాక్టోమీటరు కలదు. వర్షమును కొలుచుటకు వర్షమాపకము కలదు. దేని బలమునైనను మాటలతో గాక కొలతతో నిర్ణయించుటయే పదార్థవిజ్ఞానమున మొదటి పాఠము. ఐనచో తుపాకినుండి వెడలిన గుండు ప్రాణి శరీరమున జొచ్చి యేమి చేయునో కొలుచుట యెట్లు? మనుష్యునిపై ప్రయోగము చేయుట మహాపాపము. ఇనుముపై పేల్చిన గుండు చిదికిపోవును. మట్టిపై పేల్చిన గుండు మట్టిని గూర్చి చెప్పునే గాని మాంసమును గూర్చి చెప్పదు. ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు నూఱేండ్లకు పైగా వెదకి కుదుర్చుకొనిన యుత్తరము మిక్కిలి సామాన్యమైన వస్తువు. అది నీటిలో కరగించి చల్లార్చిన జెలాటిను దిమ్మ.

ఇట్టి విషయము పాఠశాలా పత్రికలో నేలయని తల్లిదండ్రులలో కొందఱడుగవచ్చును. సినిమాలో తుపాకిని చూడని బాలుడు నేడు లేడు. అచ్చట గుండు తగిలినవాడు పది యడుగులు వెనుకకు ఎగిరి పడును. కథానాయకునకు భుజమున గుండు దిగినను, చేతిగుడ్డతో కట్టు కట్టుకొని మరల పోరాడును. ఈ రెండును అసత్యములే. అసత్యమును ప్రతిదినము చూచుచు పెరుగు బాలునకు సత్యమును తెలుపుట బడియొక్క విధి గావున ఈ వ్యాసము వ్రాయబడినది.

గుండుయొక్క బలము

ముందు పదములను తేటపఱచుకొందము. తూటా యనగా గుండు మాత్రమే కాదు. ఇత్తడి గొట్టము, దానిలోని మందు, అడుగున దెబ్బ తగులగానే నిప్పు పుట్టించు రంజకము, ముందు భాగమున గుండు, ఈ నాలుగును కలిసినది తూటా. మందు మండి వేడివాయువుగా మాఱి, తుపాకిగొట్టములోనుండి గుండును ముందుకు నెట్టును. ఒక చేతితో పట్టి పేల్చదగిన చిన్న తుపాకి పిస్తోలు. తూటాలుంచు గదులు చక్రమువలె తిరుగునది రివాల్వరు.

పెక్కుదేశముల పోలీసువారు వాడుచున్న 9 మిల్లీమీటర్ల తూటాను ఉదాహరణముగా గైకొందము. దానిలోని గుండు ఒక రకమున 115 గ్రెయినులు, అనగా సుమారు ఏడున్నర గ్రాములు తూగును. మన పాత లెక్కలో ముప్పాతిక తులమునకు తక్కువ. అది గొట్టమునుండి సెకండునకు సుమారు 350 మీటర్ల వేగముతో, అనగా గాలిలో ధ్వని నడచు వేగమునకు కొంచెము మించి వెడలును.

పై తరగతుల విద్యార్థులు ఇచ్చట పలక తీసికొని లెక్క కట్టవలెను. ద్రవ్యరాశిని వేగముచే గుణించిన ద్రవ్యవేగము వచ్చును. ఈ గుండుయొక్క ద్రవ్యవేగము సెకండునకు సుమారు 2.6 కిలోగ్రాము మీటర్లు. 156 గ్రాముల క్రికెట్ బంతి గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చునపుడు దాని ద్రవ్యవేగమును సరిగా నంతే. ఆ బంతి తగిలి మనుష్యుడు పది యడుగులు ఎగిరి పడునా? పడడు. 60 కిలోల మనుష్యునకు ఆ గుండు ఈయగల వేగము సెకండునకు నాలుగు సెంటిమీటర్లకు కొంచెము ఎక్కువ. అంతియే కాదు. చర్యకు సమానమైన ప్రతిచర్య కలదని న్యూటను మూడవ సూత్రము. తగిలినవాడు ఎగిరి పడవలసినచో పేల్చినవాడును వెనుకకు ఎగిరి పడవలెను. సినిమాలో చూపునది సూత్రవిరుద్ధమని దీనివలన తేలినది.

ఐనను బంతి చంపదు, గుండు చంపును. దీనికి కారణము చలనశక్తి. ఇది వేగముయొక్క వర్గమును అనుసరించి పెరుగును. బంతికి చలనశక్తి సుమారు 22 జౌళ్లు. గుండుకు సుమారు 456 జౌళ్లు. ద్రవ్యవేగము సమానమైనను శక్తి ఇరువది రెట్లు! ఆ శక్తి యంతయు చిటికెనవ్రేలి కొనయంత స్థలమున తగులుచున్నది. కావున గుండు మనుష్యుని పడద్రోయదు. అతనిలో దారి చేసికొని పోవును.

మఱి శక్తిని లెక్కగట్టిన గాయము తెలిసినట్లేనా? కాదు. సమానమైన శక్తిగల రెండు గుండ్లలో నొకటి కండను దూసికొని ఆవలికి పోవచ్చును. రెండవది లోపల నిలిచి ప్రాణస్థానమును చీల్చవచ్చును. ఎంత లోతు పోయినది, ఎంత వెడల్పున చీల్చినది, ఎచ్చట నిలిచినది, ఇవియే తెలియవలసిన సంగతులు.

మొదటి పరీక్షలు

గుండు వేగమును మొదట నమ్మదగినట్లు కొలిచినవాడు బెంజమిను రాబిన్సు. ఇతడు 1707లో ఇంగ్లండునందలి బాత్ నగరమున క్వేకరు కుటుంబమున జన్మించెను. క్వేకరులు యుద్ధము కూడదను క్రైస్తవ సంఘమువారు. అట్టి యింట పుట్టినవాడు తుపాకిశాస్త్రమునకు పునాది వేయుట విధివైచిత్ర్యము. 1742లో నతడు ప్రకటించిన గ్రంథమున ఊగుడుకొయ్య యంత్రమును వర్ణించెను. బరువైన కొయ్యదిమ్మను వ్రేలాడగట్టి దానిపై గుండును పేల్చును. గుండు దానిలో దిగి నిలువగా దిమ్మ యూగును. ఎంత యూగెనో చూచి గుండు వేగమును లెక్కగట్టును. ఈ రాబిన్సు ఈస్టిండియా కంపెనీవారి కోటలను బాగుచేయుటకు 1750లో మన దేశమునకు వచ్చి, మరుసటి యేడే కడలూరు సమీపమున సెయింట్ డేవిడ్ కోటలో మరణించెను. అతని కొయ్యదిమ్మ వేగమును తెలిపినది. మాంసమున జరుగు పనిని తెలుపలేకపోయినది.

ఆ పనికి పూనుకొన్నవాడు శస్త్రవైద్యుడు. స్విట్జర్లండునందలి బెర్న్ నగరమున నుండిన థియొడోరు కోకరు, కంఠమునందలి థైరాయిడు గ్రంథిని గూర్చిన కృషికి 1909లో నోబెలు బహుమానమందిన మహావైద్యుడు. అతడు 1870 ప్రాంతములనుండి గుండుగాయములను పరిశోధించి, సబ్బుపైనను జెలాటినుపైనను పేల్చి చూచెను. 1894లో రోమునగరమున జరిగిన అంతర్జాతీయ వైద్యమహాసభలో, మానవతాదృష్టితో గుండ్లను సంస్కరించుటను గూర్చి యుపన్యసించెను. యుద్ధమును ఆపుట వైద్యునకు సాధ్యము కాదు. సైనికుని పోరాటమునుండి తప్పించు గాయము చాలును, అతని యవయవమును నుజ్జు చేయు గాయము వలదు అని యతని భావము. జెలాటినును తుపాకియెదుట నుంచినవారిలో మొదటివారు చంపుట నేర్వగోరినవారు కారు, గాయమును కుట్టవలసినవారని మనము జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ దినములలోనే మన దేశమున మఱియొక సంగతి జరిగినది. కలకత్తా సమీపమున డమ్‌డమ్ అను చోట ఆయుధాగారము కలదు. సరిహద్దు యుద్ధములలో రాగిమిశ్రమపు తొడుగు గల సన్నని గుండు శత్రుశరీరములోనుండి దూసికొని పోవుచున్నదే గాని అతనిని నిలుపుట లేదని ఆంగ్ల సైనికులు మొఱపెట్టిరి. అంతట ఆ ఆయుధాగారమున 1896 ప్రాంతమున క్యాప్టెను బెర్టీ క్లే యనునతడు గుండు ముక్కుపై తొడుగును తీసివేయించి సీసము బయటపడునట్లు చేయించెను. అట్టి గుండు శరీరమున తగులగానే పుట్టగొడుగువలె విచ్చుకొని ఘోరమైన గాయము చేయును. దానికి డమ్‌డమ్ గుండు అను పేరు వచ్చినది. 1899లో హేగు నగరమున కూడిన రాజ్యములు, మానవ శరీరమున సులభముగ విచ్చుకొను లేక చదునగు గుండ్లను యుద్ధమున వాడరాదని ప్రకటించినవి. బ్రిటను 1907లో దీని నంగీకరించెను. వంగదేశపు ఊరిపేరు నేటికిని ప్రపంచభాషలలో క్రూరమైన గుండుకు పేరై నిలిచియున్నది.

1904లో అమెరికాసైన్యమువారు ఫిలిప్పీను ద్వీపములలో తమ చిన్న రివాల్వరు పనికిరాలేదని తలచి, ఏ కొలత గుండు మేలో తేల్చుటకు టాంసను అను ఆయుధాధికారిని, లగార్డు అను వైద్యాధికారిని నియమించిరి. వీరు చికాగో నగరపు పశువధశాలలో బ్రతికియున్న పశువులపైనను, వ్రేలాడగట్టిన శవములపైనను గుండ్లు పేల్చి చూచిరి. వ్యాసమున 0.45 అంగుళమునకు తక్కువ గల గుండు పనికిరాదని తీర్పు చెప్పిరి. ఆ తీర్పును అనుసరించి పుట్టిన పిస్తోలును అమెరికాసైన్యము 1911లో గ్రహించెను. కాని యీ పరీక్షలో శాస్త్రలోపము స్పష్టము. ఒక పశువునకు ఒకచోట, మఱియొక దానికి వేఱొకచోట గుండు తగిలినది. ఒకటి బలసినది, ఒకటి బక్కది. పోల్చదలచిన రెండు వస్తువులు తప్ప తక్కిన వన్నియు సమానముగా నుండవలెనను నియమము ఇచ్చట తప్పినది. మూగజీవుల బాధ వేఱు.

దిమ్మను చేయు విధము

సమానముగా నుండు వస్తువు కావలెను, అది మాంసమును పోలవలెను. ఈ రెండు గుణములను కుదిర్చినవారిలో ముఖ్యుడు డాక్టరు మార్టిను ఫ్యాక్లరు. ఇతడు అమెరికాసైన్యమున శస్త్రవైద్యుడు. 1968లో వియత్నాములోని డానాంగు ఆసుపత్రిలో గాయపడిన సైనికులకు చికిత్స చేసినవాడు. 1981లో సాన్‌ఫ్రాన్సిస్కోలో గాయశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పి పదియేండ్లు నడపెను. 2015లో మరణించెను.

జెలాటిను మనకు క్రొత్తవస్తువు కాదు. మేకకాళ్ల పులుసు చలికాలపు రాత్రి కుండలో మిగిలిన, తెల్లవారునప్పటికి గడ్డకట్టి గరిటెకు అంటుకొనును. ఎముక, చర్మము, నరములనుండి ఉడికి దిగిన జిగురే దానికి కారణము. ఆ జిగురును శుద్ధిచేసి యెండబెట్టినది జెలాటిను. మందు గొట్టములకును, మిఠాయిలకును దీనిని వాడుదురు. గుండ్ల పరీక్షకు పందిచర్మమునుండి తీసిన, గట్టితనము నిర్ణయింపబడిన రకమును వాడుదురు.

తూకమున ఒక పాలు జెలాటినుకు తొమ్మిది పాళ్లు నీరు చేర్చవలెను. అనగా నూటికి పది వంతుల పాకము. మొదట చన్నీటిలో పొడిని కొంచెము కొంచెముగా చల్లి కలిపి, పొడి నీరు పీల్చి ఉబ్బువఱకు శీతలపేటికలో నుంచవలెను. పిమ్మట పాత్రను వేడినీటిలో నిలిపి మెల్లగా కరగించవలెను. వేడి 40 సెంటిగ్రేడు డిగ్రీలకు మించరాదు. మించిన జిగురు బలము చెడి దిమ్మ మెత్తబడును. బూజు పట్టకుండ దాల్చినచెక్క తైలము కొన్ని చుక్కలు చేర్చు వాడుక కలదు. అచ్చులో పోసి నురుగు తీసివేసి, 4 డిగ్రీల చలిలో ఒక దినమునకు పైగా కదల్పక యుంచవలెను. సాధారణమైన దిమ్మ ఆరంగుళముల వెడల్పు, ఆరంగుళముల ఎత్తు, పదునారంగుళముల పొడవు ఉండును. చూచుటకు తాటిముంజె రంగు, తాకిన జున్నువలె అదరును.

చలి యేల? ఎండలో పెట్టిన జున్ను, చలిలో పెట్టిన జున్ను ఒకే గట్టితనమున నుండునా? దిమ్మ వేడెక్కినకొలది గుండు లోతుగా పోవును. కావున శీతలపేటికనుండి తీసిన కొలది నిమిషములలోనే పరీక్ష ముగించవలెను. 10 వంతుల జెలాటినును 4 డిగ్రీల చలిలో నుంచినపుడు గుండు దానిలో పోవు లోతు, మత్తుమందిచ్చిన పందియొక్క తొడకండలో పోవు లోతునకు సరిపోవుచున్నదని ఫ్యాక్లరు పోల్చి చూపెను. ఆ పోలిక కుదిరిన తరువాత ప్రతి పరీక్షకును జంతువు అక్కఱలేకపోయెను.

కొలబద్దను కొలుచుట

ఈ శాస్త్రమున మిక్కిలి మెచ్చదగిన భాగమిది. దిమ్మ సరిగా కుదిరినదని నమ్ముట యెట్లు? చేసినవాని మాటను నమ్మరు. అసలు గుండును పేల్చుటకు ముందు, గాలితుపాకితో 4.5 మిల్లీమీటర్ల చిన్న యినుపగుండును సెకండునకు 180 మీటర్ల వేగముతో దిమ్మపై పేల్చుదురు. అది ఎనిమిదిన్నర సెంటిమీటర్ల లోతున నిలువవలెను. ఒక సెంటిమీటరు అటునిటు కావచ్చును. అంతకు మించిన భేదము వచ్చిన దిమ్మ పనికిరాదు, దానిపై తీసిన లెక్కయు పనికిరాదు. అంగడివాడు త్రాసును ఖాళీగా ఎత్తి ముల్లు నడుమ నిలిచినదని చూపిన తరువాతనే సరకు తూచుట వంటిది ఇది. త్రాసును పరీక్షింపక తూచిన తూకము ఎంత సూక్ష్మముగా వ్రాసినను తూకము కాదు.

దిమ్మలో కనబడునది

చెరువులో బెడ్డ వేయుడు. బెడ్డ పరిమాణమునకు ఎన్నో రెట్లు వెడల్పుగా నీరు విడివడి గుంట ఏర్పడును. మరుక్షణమున ఆ గుంట మూసికొనును. దిమ్మలో గుండు పోవునపుడును ఇట్లే జరుగును. గుండు దారికి ఇరుప్రక్కల జెలాటిను వెలికి తోయబడి పెద్ద గుహవంటి కుహరమేర్పడి, సెకండులో అత్యల్ప భాగమున తిరిగి ముడుచుకొనును. దీనికి తాత్కాలిక కుహరమని పేరు. ముడుచుకొనిన తరువాత మిగిలిన సన్నని దారి శాశ్వత కుహరము. కంటితో మొదటిదానిని చూడలేము. రెండవ ప్రపంచయుద్ధకాలమున ప్రిన్‌స్టను విశ్వవిద్యాలయమున, మిణుగురులవంటి ప్రాణుల వెలుగును పరిశోధించుటచే ప్రసిద్ధుడైన న్యూటను హార్వే యను జీవశాస్త్రజ్ఞుడు, సెకండునకు వేలకొలది చిత్రములు తీయు కెమేరాతో ఈ కుహరము పుట్టి చచ్చుటను చిత్రించెను.

ఈ రెండింటికిని భేదము తెలియకపోవుటచే వైద్యులు పొరపడిరి. వేగము గల రైఫిలుగుండు తాత్కాలిక కుహరము వెడల్పుగా నుండుటను చూచి, ఆ వెడల్పున గల కండయంతయు చచ్చినదని తలచి, శస్త్రముతో విరివిగా కోసివేయు బోధన ప్రబలినది. ఫ్యాక్లరు దీనిని ఖండించి, 1988లో అమెరికా వైద్యసంఘ పత్రికలో వ్యాసము ప్రకటించెను. కండ, ఊపిరితిత్తి రబ్బరువలె సాగి మరల యథాస్థితికి వచ్చుగుణము గలవి. వాటిలో సాగుట వేఱు, చచ్చుట వేఱు. కాలేయము, మెదడు అట్లు సాగలేవు గనుక చిట్లును. గాయపడినవాని శరీరమున నిజముగా చచ్చినదానిని చూచి కోయవలెనే గాని, గుండు వేగమును విని కోయరాదని యతని వాదము. కోతకు గురికాక నిలిచిన కాలుచేతులే ఆ జెలాటిను దిమ్మ చేసిన మేలు.

పిస్తోలుగుండు వేగము రైఫిలుగుండు వేగమున సగమైనను ఉండదు. కావున దాని తాత్కాలిక కుహరము చిన్నది. పిస్తోలుగాయమున లెక్కింపదగినవి గుండు తిన్నగా చీల్చిన దారియు, దాని లోతునే.

ఒక దుర్ఘటన, ఒక ప్రమాణము

1986 ఏప్రిలు 11వ తేదీన అమెరికాలోని మయామి నగరమున, ఎఫ్. బి. ఐ. అను కేంద్ర నేరపరిశోధక శాఖవారు ఎనిమిదిమంది ఇద్దఱు బందిపోట్లను పట్టబోయిరి. కాల్పులు జరిగినవి. వాని ఆరంభకాలముననే ఒక బందిపోటునకు 9 మిల్లీమీటర్ల గుండు తగిలినది. అది వాని కుడిచేతిని దూసి, ఱొమ్మున జొచ్చి, గుండెకు సుమారు ఒక్క అంగుళము దూరమున నిలిచిపోయినది. అది చావుగాయమే. ఐనను వాడు వెంటనే పడలేదు. కొన్ని నిమిషములపాటు పోరాడెను. ఇద్దఱు అధికారులు చనిపోయిరి, ఐదుగురు గాయపడిరి. తుదకు బందిపోట్లిద్దఱును మరణించిరి.

అంగుళము దూరము! ఆ అంగుళమును గూర్చి ఆ శాఖవారు ఫ్యాక్లరు మొదలైన నిపుణులను పిలిచి విచారించిరి. 1989లో వారు ప్రకటించిన పత్రమున, గుండె పూర్తిగా చెడినను మెదడున మిగిలిన ప్రాణవాయువుచే మనుష్యుడు పది పదునైదు సెకండులు బుద్ధిపూర్వకముగా పనిచేయగలడని వ్రాసిరి. ఒక్క గుండుతో మనుష్యుడు తటాలున పడునను నమ్మకము ఎంత పొల్లో దీనివలన తెలియును.

వారు నిర్ణయించిన ప్రమాణమిది. గుండు జెలాటినులో కనీసము 12 అంగుళములు పోవలెను, 18 అంగుళములకు మించరాదు. మనుష్యుని ఱొమ్ము మందము 12 అంగుళములు లేదుగదా యని మీరడుగవచ్చును. ఎదుటివాడు ఎల్లపుడు ఱొమ్ము చూపి నిలువడు. చేయి అడ్డము రావచ్చును, ప్రక్కనుండి ఏటవాలుగా తగులవచ్చును. మయామిలో జరిగినది అదియే. మఱి 18 ఏల? మించి పోయిన గుండు మనుష్యుని దాటి వెనుక నున్న నిరపరాధికి తగులును. బజారులో పిల్లల నడుమ కాల్పులు జరుపవలసివచ్చిన పోలీసువానికి ఇది ప్రాణసంకటము. ముక్కున గుంట గల, విచ్చుకొను గుండును అనేక దేశముల పోలీసువారు గ్రహించుటకు కారణమిది. విచ్చుకొనిన గుండు లోపలనే నిలుచును. యుద్ధమున నిషిద్ధమైన గుణమే పట్టణమున ప్రక్కవానికి రక్షయని వాదింపబడుట చిత్రమైన సంగతి. ఈ వాదము నేటికిని ముగియలేదు.

పరీక్షలు ఆరు విధములు. ఒకటి వట్టి దిమ్మ. రెండవది మందపు బట్టలు కప్పిన దిమ్మ. తక్కినవి ఇనుపరేకు, గోడపలక, చెక్కపలక, మోటారుకారు అద్దము, వీని వెనుక నుంచిన దిమ్మలు. ప్రతి పరీక్షలో ఐదు గుండ్లు పేల్చి, ఒక్కొక్కదాని లోతును, విచ్చుకొనిన వెడల్పును, మిగిలిన బరువును కొలిచి వ్రాయుదురు. వట్టి దిమ్మలో చక్కగా విచ్చుకొనిన గుండు, బట్టలు కప్పిన దిమ్మలో ఒక్కొక్కపుడు విచ్చుకొనదు. ముక్కుగుంటలో బట్టపీచు దూరి పూడుకొనుటయే కారణము. ఒక్క పరీక్షను చూచి తీర్పు చెప్పరాదని దీనివలన నేర్వవలెను. ఇట్టి కొలతల ఫలముగా గుండ్ల నిర్మాణము మాఱినది. 9 మిల్లీమీటర్ల గుండు చాలదని ఒకప్పుడు తలచి పెద్ద తూటాకు పోయిన ఆ శాఖవారే, బాగుపడిన గుండ్లను పరీక్షించి 2014లో మరల 9 మిల్లీమీటర్లకే వచ్చిరి.

దిమ్మ చెప్పలేనిది

దిమ్మకు ఎముక లేదు, చర్మము లేదు, రక్తము లేదు. మనుష్యునిలో ఒకచోట క్రొవ్వు, ఒకచోట గాలినిండిన ఊపిరితిత్తి, ఒకచోట ప్రక్కటెముక ఉండును. దిమ్మ అంతయు ఒక్కతీరు. కావున ఈ గుండు తగిలినవాడు ఇంతసేపటికి పడునని దిమ్మ చెప్పజాలదు. ఈ గుండును ఆ గుండుతో ఒకే త్రాసున తూచి పోల్చుటయే దాని పని. ఈ కాలమున ఖనిజతైలమునుండి చేసిన, అద్దమువలె తేటయైన కృత్రిమ దిమ్మలు వచ్చినవి. వానికి చలి అక్కఱలేదు, కరగించి మరల పోయవచ్చును, చూచుటకు ముచ్చటగా నుండును. కాని గుండు వానిలో పోవు లోతు పందిచర్మపు జెలాటినులోని లోతునకు ఎల్లపుడు సరిపోదు. కంటికింపైనది కొలతకు సరియైనది కానక్కఱలేదు.

విద్యార్థులారా, తుపాకి ఆటవస్తువు కాదు. మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము అనుమతిపత్రము లేక తుపాకి యుంచుకొనుట నేరము. పెండ్లి ఊరేగింపులలో సంబరమునకై పేల్చి యితరులకు అపాయము కలిగించుట శిక్షార్హమని 2019లో ఆ చట్టమును సవరించిరి. గుండు మానవచర్మమును చీల్చుటకు సెకండునకు సుమారు 60, 70 మీటర్ల వేగము చాలును. పిస్తోలునుండి వెడలు వేగమున ఇది అయిదవ వంతు. ఆకాశమునకు పేల్చిన గుండు ఆకాశమున నిలువదు, ఎవరి యింటి పైననో దిగును. పన్నెండంగుళముల జెలాటినును దూయగల వస్తువునకు బాజాలు మ్రోగుచున్నవను సంగతి తెలియదు.

ఈ వ్యాసమును చదివినవారు మూడు సంగతులు మనసున నుంచుకొనిన చాలును. బలమును గూర్చిన మాటను కొలతతో పరీక్షింపవలెను. కొలతకు ముందు కొలబద్దను పరీక్షింపవలెను. కొలబద్ద చెప్పలేనిదానిని దానిచే చెప్పింపరాదు. దిమ్మపై గుండు తగిలిన తరువాత దానిని కరగించి మరల పోయవచ్చును. మనుష్యుని అట్లు పోయలేము. గుండును పరీక్షించుటకు దిమ్మను కల్పించిన వైద్యులు ఎఱిగియుండిన సత్యమిదియే.